స్వతంత్ర మూలం

ఆడిటర్ గారు రిటైరయ్యాక తెలుగు వికీపీడియాలో చేరారు. ఉద్యోగమంతా బ్యాంకు లెక్కలు తనిఖీ చేసిన మనిషి. వోచర్ లేని ఖర్చు ఆయన దృష్టిలో జరగని ఖర్చు. వికీపీడియాలోనూ మూలం చూపని వాక్యం నిలవదని తెలిశాక అక్కడే కుదురుకున్నారు.

ఆయన పాటల పేజీలు చూసుకునేవారు. ఎవరూ అప్పగించిన పని కాదు. ఎవరూ చెయ్యడం లేదని మొదలుపెట్టారు. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ నుంచి లెక్కపెడితే తెలుగులో వేల సినిమాలొచ్చాయి. సినిమాకు ఐదారు పాటలు. పాటకో పేజీ తెరిస్తే అందులో సినిమా పేరు, రాసినవారి పేరు, పాడినవారి పేరు తప్ప ఇంకేమీ ఉండదు.

ఇంగ్లీషు వికీపీడియాలో పాటల కోసం విడిగా ఒక నియమం ఉంది. పాట బాగుందా లేదా అన్నది దానికి అనవసరం. పాడినవాళ్లతో, రాసినవాళ్లతో, అమ్మిన కంపెనీతో సంబంధం లేనివాళ్లు ఆ పాట గురించి వివరంగా రాసి ఉండాలి. అదీ ఒకటికి మించిన చోట్ల రావాలి. ఆల్బమ్ సమీక్షలో ఆ పాట మీద పడిన నాలుగు మాటలు లెక్కలోకి రావు. అవార్డు రావడం, చార్టులకెక్కడం, వేరేవాళ్లు మళ్లీ పాడటం మంచి గుర్తులే. అంతమాత్రాన పేజీ ఖాయం కాదు. అచ్చులో తగినంత సమాచారం లేని పాటను ఆల్బమ్ పేజీలోనో, రచయిత పేజీలోనో కలిపెయ్యాలి. ఆడిటర్ గారు ఈ నియమాన్ని ప్రింటు తీసి కంప్యూటరు పక్కన గోడకు అంటించుకున్నారు.

కొన్ని పాటలతో ఆయనకు పేచీ లేదు. ‘నాటు నాటు’ 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ తెచ్చుకుంది. కీరవాణి బాణీ నుంచి కీవ్‌లో అధ్యక్ష భవనం ముందు తీసిన స్టెప్పుల దాకా ప్రపంచంలోని పత్రికలన్నీ రాశాయి. శంకరంబాడి సుందరాచారి ‘మా తెలుగు తల్లికి’ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం. అందెశ్రీ ‘జయ జయహే తెలంగాణ’ 2024 జూన్‌లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. వీటికి మూలాలు వెతకక్కర్లేదు, ఏరుకోవాలి.

మిగతావాటి విషయంలో ఆయన ఎవరినీ ఉపేక్షించేవారు కాదు. అగ్రహీరోల అభిమానులు రాత్రికి రాత్రి పెట్టిన పేజీలు తెల్లారేసరికి సినిమా పేజీలో కలిసిపోయేవి. వాళ్లు తిట్టేవాళ్లు. ఆయన నియమం లింకు ఇచ్చి ఊరుకునేవారు. ఘంటసాల అంటే ఆయనకు ప్రాణం. ఘంటసాల పాటల్లో తనకు బాగా ఇష్టమైన దానికి ఎవరో పేజీ పెడితే, మూలం ఒక్కటీ లేదని ఆయనే విలీనం చేశారు. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదని ఇంట్లోవాళ్లు అంటారు.

ఒక యాసంగిలో కొత్త వాడుకరి ఒకరు ఒక నాటు పాటకు పేజీ పెట్టారు.

ఆమె హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సొంతూరు సూర్యాపేట దగ్గర, మూసీ ప్రాజెక్టు ఆయకట్టు కింద. పాట ఆమె నానమ్మది. నానమ్మకు చదువు రాదు. వయసులో ఉన్నప్పుడు పొలంలో నాట్లేస్తూ కట్టుకున్న పాట. ఊళ్లో ఆడవాళ్లంతా నేర్చుకున్నారు. చుట్టుపక్కల నాలుగూళ్లలో ఇప్పటికీ నాట్లప్పుడు అదే పాడతారు.

పేజీలో పాట కన్నా ఒక పిలుపు గురించే ఎక్కువ రాసి ఉంది.

నాటేసేటప్పుడు ఆడవాళ్లు వరసగా వంగి నిలబడతారు. ఎవరి వెడల్పు వారు పట్టుకుని వెనక్కి నడుస్తూ నాటుతారు. ఆ పట్టీని మునుం అంటారు. నానమ్మ పక్క మునుం ఎప్పుడూ వాళ్ల వదినది. వదినది ఎడమచేతి వాటం. అందరూ నారు కట్ట ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో నాటితే, ఆమె కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో నాటేది. మోచేయి పక్కవాళ్లకు తగిలేది. పది అడుగులు వేసేసరికి ఆమె మునుం వంకర తిరిగి నానమ్మ మునుంలోకి వచ్చేది. ఒకరోజు నానమ్మ పాట ఆపకుండానే, మూడో చరణం మధ్యలో, రాగంలోనే పిలిచింది.

“మునుం తప్పె వదినా!”

మడిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. వదిన సర్దుకుంది. మర్నాడు ఆ చరణం వచ్చేసరికి అందరూ కలిసి పిలిచారు. అప్పట్నుంచి ఆ పిలుపు పాటలో ఉండిపోయింది. పిలుపు కాగానే పాట ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో అందరూ బురదలోంచి కాళ్లు పీక్కుని ఒక అడుగు వెనక్కి వేస్తారు. వదిన చనిపోయి చాలా ఏళ్లయింది. పిలుపు మాత్రం ఎవరూ మానలేదు.

ఆడిటర్ గారు పేజీ మొత్తం చదివారు. రెండుసార్లు చదివారు. తర్వాత పైన తొలగింపు మూస పెట్టి, చర్చ తెరిచి రాశారు.

“మూలాలు లేవు. విషయ ప్రాముఖ్యత నిరూపణ కాలేదు. వారం రోజుల్లో చూపగలరు.”

మనవరాలు ఫోన్లో రికార్డు చేసిన పాట ఉందని రాసింది. తేదీ కూడా కనిపిస్తోందని చెప్పింది.

“ఫోన్లో తేదీ మార్చవచ్చమ్మా. నేను ఆడిట్లో అలాంటివి చాలా చూశాను. మీరు మార్చారని అనడం లేదు. సొంత రికార్డింగు ప్రచురణ కాదు.”

“జానపదమైతే పనికిరాదా సర్? ‘బండెనక బండి కట్టి’ కూడా పొలాల్లో పుట్టిందే కదా?”

“నిజమే. కానీ అది కట్టిన యాదగిరి పేరు పుస్తకాల్లో ఉంది. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడారు. దాని మీద వ్యాసాలున్నాయి. మీ నానమ్మగారి పేరు ఏ పుస్తకంలో ఉందో చెప్పండి, తొలగింపు మూస నేనే తీసేస్తాను.”

మనవరాలు సెలవు పెట్టి లైబ్రరీకి వెళ్లింది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ తిరగేసింది. నానమ్మ పాట లేదు. ఉండదు కూడా. ఆయన ఉస్మానియాలో ఆ పరిశోధన చేసిన 1950లలో నానమ్మ బర్రెలు కాసే పిల్ల. నేదునూరి గంగాధరం సేకరణల్లో వెతికింది. అవి గోదావరి వైపు పాటలు. సూర్యాపేటలో ఒక విలేకరికి ఫోన్ చేసింది.

“పాట మంచిగనే ఉన్నది మేడమ్. కానీ ఇప్పుడు సందర్భమేంది? అవార్డేమన్న వచ్చిందా?”

రాలేదని చెప్పింది. వస్తే చెప్పమన్నాడు.

ఏడో రోజు చర్చ ముగిసింది. పేజీ తొలగించారు. ఆడిటర్ గారు ఆ రాతంతా పోకుండా మనవరాలి ప్రయోగశాల పేజీలోకి తరలించి పెట్టారు. చర్చా పేజీలో ఒక మాట కూడా రాశారు.

“నిరుత్సాహపడకండి. ఎప్పుడైనా స్వతంత్ర మూలం దొరికితే పేజీ మళ్లీ పెట్టవచ్చు. నేనే సాయం చేస్తాను.”

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే రాశారు.

తర్వాతి వానాకాలం ఆ ఊరికి సినిమావాళ్లు వచ్చారు. లొకేషన్లు చూసుకుంటూ నాట్లు పడుతున్న మడి దగ్గర కారాపారు. ఇద్దరు కుర్రాళ్లు గెట్టు మీద కూర్చుని పాటలన్నీ ఫోన్లో ఎక్కించుకున్నారు. వెళ్లేటప్పుడు ఆడవాళ్లకు తలా ఒక చీర ఇచ్చారు. ఆ రాత్రి నానమ్మ మనవరాలికి ఫోన్లో చెప్పింది.

“మంచి పిల్లగాండ్లు బిడ్డా. నా తోటి నాలుగుసార్లు పాడిచ్చిండ్రు. సల్ల తాగి పోయిండ్రు.”

మరుసటి ఏడాది సినిమా రాకముందే పాట వచ్చింది. రాసింది పేరున్న గీత రచయిత. చరణాలు కొద్దిగా మార్చారు. మూడో చరణంలో పిలుపు మార్చలేదు. “మునుం తప్పె వదినా!” అని కోరస్ అనగానే వాద్యాలన్నీ ఒక్క క్షణం ఆగుతాయి. తర్వాత డప్పు మొదలవుతుంది. పెళ్లి బరాత్‌లలో ఆ క్షణం కోసం జనం చేతులెత్తి ఆగేవాళ్లు.

లిరికల్ వీడియో వచ్చిన పూటే వికీపీడియాలో పేజీ వెలిసింది. ఆడిటర్ గారు అంతే వేగంగా సినిమా పేజీలో కలిపేశారు. యూట్యూబ్ వీక్షణలు మూలం కావని రాశారు. ఈ విషయంలో ఆయనకు తన, పర లేదు.

నెల తిరిగేసరికి ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో రెండు పేజీల వ్యాసం వచ్చింది. మునుం తప్పడం అంటే సమాజం ఆడదానికి గీసిన గీత దాటడమని వ్యాసకర్త వివరించారు. వదినా అన్న పిలుపు శ్రామిక స్త్రీల మధ్య సోదరీత్వమన్నారు. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం తరతరాల స్త్రీ మౌనానికి ప్రతీక అన్నారు. గీత రచయిత ఒక టీవీ ఇంటర్వ్యూలో, ఆ పిలుపు తనకు తెల్లవారుజామున కేబీఆర్ పార్కులో నడుస్తుండగా తట్టిందని చెప్పారు. ఇంకో పత్రిక ఆ సంవత్సరపు మంచి పాటల జాబితాలో దాన్ని చేర్చి ఒక పేరా రాసింది.

మూడు మూలాలు. ఆడిటర్ గారు దారిమార్పు తీసేసి పేజీని స్వయంగా నిలబెట్టారు. ‘సాహిత్యం’ అని ఒక విభాగం పెట్టి సోదరీత్వం, మౌనం, పార్కు అన్నీ క్రమంగా రాసి, ఒక్కో వాక్యానికి ఒక్కో మూలం తగిలించారు. చక్కటి పేజీ. ఒక్క వాక్యం కూడా గాలిలో లేదు.

మనవరాలు ఆ పేజీ చదివింది. రాత్రి పదకొండుకు లాగిన్ అయి రెండు వాక్యాలు చేర్చింది. ఈ పాట సూర్యాపేట ప్రాంతపు నాటు పాట. అందులోని వదిన ఎడమచేతి వాటం మనిషి.

పదకొండుంబావుకు ఆ వాక్యాలు లేవు. మార్పుల చరిత్రలో కారణం ఉంది. “మౌలిక పరిశోధన.”

ఆమె చర్చా పేజీలో రాసింది. “సర్, ఇది మీరు తొలగించిన పాటే. నా ప్రయోగశాలలో ఇంకా ఉంది. మీరే పెట్టారు.”

ఆయన వెంటనే వెళ్లి చూశారు. నిజంగానే ఉంది. అరగంట తర్వాత జవాబిచ్చారు.

“చూశానమ్మా. పోలిక కనిపిస్తోంది. నా అభిప్రాయం అడిగితే మీరు చెప్పేది నిజమే అయి ఉండవచ్చు. కానీ నా అభిప్రాయం మూలం కాదు. వికీపీడియాకు వికీపీడియా కూడా మూలం కాదు. ఎక్కడైనా అచ్చయిందా?”

“దీనికి మూలం మా నానమ్మే సర్. ఫోన్ నంబరిస్తాను. మీరే అడగండి.”

“మనుషులు మూలాలు కారమ్మా. ప్రచురణలే మూలాలు. పైగా మీరు ఆవిడ మనవరాలు. ప్రయోజన వైరుధ్యం వస్తుంది. ఈ పేజీలో మీరు మార్పులు చెయ్యకపోవడం మంచిది.”

ఆమె చెయ్యలేదు. లాగిన్ కావడం కూడా మానేసింది.

సినిమా వారం ఆడలేదు. ఆరు నెలలయ్యాక దాన్ని తలుచుకునేవాళ్లు లేరు. అప్పుడు ఇంకో వాడుకరి ఆ పాట పేజీని సినిమా పేజీలో విలీనం చెయ్యాలని ప్రతిపాదించాడు. అతనూ నియమం చదివినవాడే. ఆదివారం వ్యాసం సినిమా విడుదల ప్రచారంలో భాగంగా వచ్చింది కాబట్టి బలహీనం. గీత రచయిత ఇంటర్వ్యూ పాటతో సంబంధం ఉన్న మనిషి మాట కాబట్టి స్వతంత్రం కాదు. జాబితాలో వచ్చిన పేరా నాలుగు వాక్యాలే కాబట్టి వివరం కాదు. మూడూ కొట్టేశాడు.

ఆడిటర్ గారు ఆ లెక్క మళ్లీ వేసి చూశారు. తప్పు దొరకలేదు. ఎదురు వాదన రాయలేదు. ఇలాంటి చర్చలో ఓట్లు లెక్కపెట్టరు, వాదనల బరువు చూస్తారు. ఐదు రోజులు గడిచేసరికి బరువంతా విలీనం వైపే ఉంది.

అదే వారం ఊళ్లో యాసంగి నాట్లు పడుతున్నాయి. నానమ్మ ఇప్పుడు నాటు వెయ్యదు. నడుం వంగదు. గెట్టు మీద కూర్చుని పాట అందిస్తుంది. ఎరువుల దుకాణం కుర్రాడు అటుగా పోతూ రీల్ తీశాడు. “మునుం తప్పె వదినా!” అని ఆమె పిలవడం, మడిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా అడుగు వెనక్కి వెయ్యడం అందులో ఉంది. సినిమా పాట పేరు ట్యాగ్ చేశాడు. రెండు రోజుల్లో లక్షల మంది చూశారు.

మూడో రోజు విలేకరి వచ్చాడు. మునుపు మనవరాలు ఫోన్ చేసిన విలేకరే. ఇప్పుడు సందర్భం ఉంది.

“ఈ పాట ఎప్పుడు నేర్చుకున్నవ్ అవ్వా?”

“నేర్చుకునుడేంది బిడ్డా. ఇది నా పాటనే.”

విలేకరి నవ్వి రాసుకున్నాడు.

“సినిమా చూసినవా?”

“టీవీల ఏసిండ్రు, చూసిన. మంచిగున్నది. పిల్ల మంచిగ ఎగిరింది. గని బురదల దిగలే.”

“మరి గా వదినా అనుడు భలే పట్టినవ్.”

“మా వదినెది ఎడమ చెయ్యి బిడ్డా. మునుం తప్పుతుండె. గందుకనే పిలుస్తుంటి.”

ఇది విలేకరి రాసుకోలేదు. డెస్కు ఇచ్చిన జాగా పదహారు లైన్లు.

మర్నాడు జిల్లా పేజీలో ఫొటోతో వచ్చింది. సినిమా పాటకు 78 ఏళ్ల అవ్వ ఫిదా అని శీర్షిక. నాట్ల మధ్య సినిమా పాట పాడుతూ తోటి కూలీలను ఉత్సాహపరుస్తోందని రాశారు. టీవీలో చూసిన ఈ పాటను అవ్వ ‘ఇది నా పాటే’ అనేంతగా సొంతం చేసుకుందని ముగించారు. నానమ్మ పేరు, ఊరు, మండలం అన్నీ సరిగ్గా అచ్చయ్యాయి. రెండు వెబ్‌సైట్లు, ఒక టీవీ చానెల్ అదే వార్తను ఎత్తి రాశాయి.

ఆడిటర్ గారు ఆ వార్తను చర్చ ఆఖరి రోజు సాయంత్రం చూశారు. నానమ్మ పేరు చదివి కుర్చీలో ముందుకు జరిగారు. మనవరాలి ప్రయోగశాల పేజీ తెరిచి పేరు సరిచూసుకున్నారు. ఊరు సరిచూసుకున్నారు. సినిమాతో గాని, కంపెనీతో గాని సంబంధం లేని పత్రిక. పాట మీదే వచ్చిన వార్త. ఒకటికి మించిన చోట్ల వచ్చింది. ఏ వైపు నుంచి చూసినా నియమానికి అతికింది. ముందుగా మనవరాలి చర్చా పేజీకి వెళ్లి రాశారు.

“శుభవార్త అమ్మా. ఆనాడు మాట ఇచ్చాను, గుర్తుందా? మీ నానమ్మగారి పేరుతో స్వతంత్ర మూలం దొరికింది.”

తర్వాత పాట పేజీలో ‘అనుకరణలు’ అని కొత్త విభాగం తెరిచి, మూలం తగిలించి, ఆమె పేరు ఎక్కించారు. ఆ లింకును చర్చలోనూ పెట్టారు. ప్రతిపాదించిన వాడుకరి చూసి తన ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు. రాత్రి పది గంటలకు వేరే నిర్వాహకుడు నిర్ణయం రాసి చర్చ మూసేశాడు.

“ఉంచాలి. సినిమా మరుగున పడినా పాటకు స్వతంత్ర ప్రాముఖ్యత ఉందని రుజువైంది. చదువు రాని ఒక వృద్ధురాలు కూడా టీవీలో విని నేర్చుకుని, మూడో చరణంలో రచయిత చేసిన ప్రయోగంతో సహా, ఉన్నదున్నట్టు అనుకరించగలిగారు.”